పేపర్లో వచ్చిన సంఖ్య మీ ల్యాబ్‌లో రాకపోతే

ప్రశ్న: నేను గోదావరి జిల్లాలోని ఒక ప్రైవేటు కళాశాలలో మెకానికల్ ఇంజనీరింగు మూడో సంవత్సరం పూర్తిచేశాను. వేసవి పరిశోధన ఇంటర్న్‌షిప్‌కు ఎంపికై, హైదరాబాదు దగ్గరి ఒక సంస్థలో ఎనిమిది వారాల ప్రాజెక్టులో చేరాను. పారఫిన్ మైనంలో వేడిని నిల్వచేసే ప్రయోగం నాకు ఇచ్చారు. చేరి రెండు వారాలైంది. గైడ్ సార్ మొదటి రోజు పది నిమిషాలు మాట్లాడారు, తర్వాత ఊళ్లో లేరు. పీహెచ్‌డీ స్కాలర్ ఒక కట్ట పరిశోధన పేపర్లు ఇచ్చి చదవమన్నారు. వాటిలో సగం అర్థం కాలేదు. ఒక కిలో మైనాన్ని స్టీలు పాత్రలో నిలువుగా పెట్టిన 50 వాట్ల హీటరుతో కరిగిస్తున్నాను. ఇలాంటి ప్రయోగమే ఉన్న ఒక పేపర్లో 95 నిమిషాల్లో కరిగిందని ఉంది, నాకు రెండు గంటలు పడుతోంది. ఉష్ణోగ్రత కొలిచే తీగ పరికరమైన థర్మోకపుల్‌ను మరిగే నీళ్లలో పెట్టి చూస్తే 98 డిగ్రీలే చూపించింది. పరికరం నా చేతిలోనే పాడైందేమోనన్న భయంతో ఎవరికీ చెప్పలేదు. తోటి ఇంటర్న్ ఒకరు “రీడింగులు కొంచెం సర్దేయ్, ఎవరూ చూడరు” అంటున్నారు. ల్యాబ్‌లో అందరూ హిందీలోనే మాట్లాడుకుంటారు, నాకు అంతగా రాదు. ఇది మానేసి అమీర్‌పేటలో ఏదైనా సాఫ్ట్‌వేర్ కోర్సు చేయమని మా అన్నయ్య చెబుతున్నాడు. మానేయమంటారా? కొనసాగిస్తే పేపర్లో నా పేరు వస్తుందా? (పేరు ప్రచురించవద్దని కోరారు.)

సమాధానం: ముందుగా మీ భయాన్ని తీరుస్తాను. మీ థర్మోకపుల్ పాడైపోలేదు. హైదరాబాదు సముద్రమట్టానికి సుమారు 540 మీటర్ల ఎత్తున ఉంది. ఎత్తు పెరిగేకొద్దీ వాతావరణ పీడనం తగ్గుతుంది, దానితోపాటు నీరు మరిగే ఉష్ణోగ్రత ప్రతి 300 మీటర్లకు సుమారు ఒక డిగ్రీ చొప్పున తగ్గుతుంది. ఆ లెక్కన మీరున్న చోట నీరు 98 డిగ్రీల దగ్గరే మరగాలి. మీ కళాశాల ఉన్న గోదావరి తీరంలో 100 చూపించిన పరికరం హైదరాబాదులో కూడా 100 చూపించి ఉంటే, అప్పుడు మీరు కంగారుపడవలసి వచ్చేది. నిజం చెప్పిన పరికరాన్ని అనుమానించి, పాఠ్యపుస్తకంలోని సంఖ్యను ఏ ప్రశ్నా వేయకుండా నమ్మారు. మీ ఉత్తరంలోని మిగతా చిక్కులకు కూడా చాలావరకు ఈ అలవాటే మూలమని నాకు అనిపిస్తోంది.

ఈ అలవాటు మీ ఒక్కరిది కాదు. మన ఇంటర్మీడియట్ ల్యాబుల్లో లోలకంతో గురుత్వ త్వరణం కనుక్కునే ప్రయోగం ఉంటుంది. హైదరాబాదులో ఆ విలువ సెకనుకు సెకనుకు 978 సెంటీమీటర్ల దగ్గర ఉంటుంది. అయినా పిల్లల రికార్డులు తిరగేస్తే 980, 981 అన్న అంకెలే కనిపిస్తాయి, ఎందుకంటే లోలకాన్ని ఊపకముందే జవాబు అందరికీ తెలుసు, ఆ జవాబు వచ్చేలా రీడింగులను వెనక నుంచి ముందుకు రాసుకుంటారు. ఇంజనీరింగులో చేరాక కూడా సీనియర్ల రికార్డు చూసి పట్టికలు నింపడం, వైవాకు రెండు సూత్రాలు బట్టీపట్టడం మామూలే. ఆ పద్ధతిలో మార్కులు వస్తాయి గనుక ఎవరూ తప్పనరు. పరిశోధనలో తేడా ఏమిటంటే చూసి రాయడానికి సీనియరు రికార్డు ఉండదు. మీ పాత్రలో, మీ మైనంతో, మీ గదిలో ఏం జరుగుతుందో మీరు కొలిచి చెప్పేవరకు ఎవరికీ తెలియదు, మీ గైడ్‌కు కూడా తెలియదు.

అందువల్ల ఈ ఎనిమిది వారాల్లో మీ నుంచి ఏం ఆశించాలో ముందు తేల్చుకోవాలి. కొత్త విషయం కనిపెట్టడం మీ పని అని మీరు అనుకుంటున్నట్టున్నారు. వేసవి విద్యార్థి నుంచి ఏ మంచి గైడూ దానిని కోరరు. ఒకే ఒక్క పరిమాణాన్ని నమ్మదగినట్టుగా కొలిచి, ఆ నమ్మకం ఎంతవరకో కూడా చెప్పగలిగితే అది ఎనిమిది వారాలకు తగిన పని. మీ విషయంలో ఆ పరిమాణం బహుశా మైనం కరిగేటప్పుడు నిల్వ అయ్యే వేడి, లేదా కరగడానికి పట్టే సమయం. రెండిటిలో ఏదో ఒకటి అని గైడ్‌తో ఖరారు చేసుకోండి. “ఉష్ణశక్తి నిల్వపై అధ్యయనం” అన్నంత పెద్ద పేరు మీద కూర్చుంటే రెండు నెలలూ పేపర్లు తిరగేయడంతోనే గడిచిపోతాయి.

ఇక 95 నిమిషాలకూ రెండు గంటలకూ మధ్య ఉన్న తేడా దగ్గరికి వద్దాం. ఉత్తరంలో మీరు ఇచ్చిన వివరాలతోనే కాగితం మీద ఒక లెక్క వేద్దాం, ఎందుకంటే ఈ లెక్క మీరు మొదటిరోజే వేసుకుని ఉంటే సగం దిగులు తగ్గేది. సాధారణ పారఫిన్ మైనం 58 డిగ్రీల దగ్గర కరుగుతుందనీ, దాని ద్రవీభవన గుప్తోష్ణం, అంటే ఉష్ణోగ్రత మారకుండా కరిగించడానికే పట్టే వేడి, కిలోకు సుమారు 200 కిలోజౌళ్లనీ, విశిష్టోష్ణం, అంటే కిలోను ఒక డిగ్రీ వేడెక్కించడానికి పట్టే వేడి, సుమారు 2 కిలోజౌళ్లనీ తీసుకుందాం. గది ఉష్ణోగ్రత 30 అయితే, కిలో మైనాన్ని కరిగే స్థాయికి తేవడానికి 56 కిలోజౌళ్లు, కరిగించడానికి 200, మొత్తం 256 కిలోజౌళ్లు కావాలి. 50 వాట్ల హీటరు ఒక్క జౌలు కూడా వృథా కాకుండా ఇస్తే దీనికి 85 నిమిషాలు పడుతుంది. అంటే పేపర్లోని 95 నిమిషాలు నమ్మదగిన సంఖ్యే, కాకపోతే అది చాలా మంచి ఇన్సులేషన్ ఉన్నప్పుడు వచ్చే సంఖ్య. మీ రెండు గంటల్లో అదే హీటరు 360 కిలోజౌళ్లు ఇచ్చి ఉండాలి. మైనానికి చేరింది 256. మిగిలిన 104 ఎక్కడికి పోయాయన్నదే మీ అసలు ప్రశ్న, ఇది మీకు ఇచ్చిన పేపర్లలో దొరికే ప్రశ్న కాదు.

కొంత స్టీలు పాత్రే తీసుకుంది. పాత్ర బరువు ఒకటిన్నర కిలోలుంటే, అది మైనంతోపాటు వేడెక్కడానికి 20 కిలోజౌళ్లకు పైగా ఖర్చవుతుంది. కొంత పాత్ర గోడల నుంచి గదిలోకి పోయింది. మూత లేకపోతే పైనుంచి ఇంకా ఎక్కువ పోయి ఉంటుంది. ముందు కరిగిన మైనం 58 దగ్గర ఆగదు, అడుగున గడ్డ కరిగేలోపు పైన అది 70కి కూడా పోవచ్చు, దానికీ వేడి కావాలి. వీటన్నిటికంటే ముందు చూడవలసినది మరొకటుంది. హీటరు మీద 50 వాట్లు అని రాసి ఉన్నంత మాత్రాన అది 50 వాట్లు ఇస్తోందని మీకెవరు చెప్పారు? ఆ అంకె 230 వోల్టుల దగ్గర. మీ ప్లగ్గులో 210 వోల్టులే ఉంటే, శక్తి వోల్టేజీ వర్గాన్ని బట్టి మారుతుంది గనుక, వచ్చేది 42 వాట్ల లోపే. అప్పుడు రెండు గంటల్లో అందిన వేడి 360 నుంచి 300 కిలోజౌళ్లకు దిగుతుంది. మైనం వాటా 256, పాత్ర వాటా 20 పైన తీసేస్తే మిగిలేది చాలా స్వల్పం. మీ దగ్గర ఇలాగే జరిగిందని నేను అనడం లేదు, కొలవకుండా నేను కూడా చెప్పలేను. కానీ ఒక వోల్టుమీటరు, ఒక అమ్మీటరు పెట్టి, పది నిమిషాలకొకసారి రాసుకుంటే తేలిపోయే సంగతికి మీరు రెండు వారాలుగా నిద్ర పాడుచేసుకుంటున్నారు.

“పూర్తిగా కరగడం” అంటే ఏమిటో కూడా ఆ పేపరు వారికీ మీకూ ఒకటే కాకపోవచ్చు. నిలువు హీటరు చుట్టూ మొదట మైనం పలుచని పొరగా కరుగుతుంది, అప్పటివరకు వేడి వహనం ద్వారా, అంటే పదార్థం కదలకుండా దాని గుండా, మాత్రమే పోతుంది. ఘన మైనం ఉష్ణవాహకత మీటరు డిగ్రీకి 0.2 వాట్ల దగ్గరే ఉంటుంది గనుక ఆ దశ నత్తనడక. ద్రవపు పొర మందం పెరిగాక సంవహనం మొదలై వేడి ద్రవం పైకి పోతుంది, పైభాగం త్వరగా కరుగుతుంది, పేరిన నెయ్యి గిన్నెను వేడిచేసినప్పుడు అడుగున ఒక గడ్డ చివరిదాకా మిగిలినట్టే ఇక్కడా అడుగుభాగం అన్నిటికంటే ఆలస్యంగా కరుగుతుంది. వారు పాత్ర మధ్యలో ఉన్న థర్మోకపుల్ 58 దాటగానే కరిగిందని రాసి ఉండవచ్చు, మీరు అడుగున ఉన్న గడ్డ కంటికి కనిపించనంతవరకు ఆగి ఉండవచ్చు. రెండూ సబబైన నిర్వచనాలే. కాబట్టి ప్రయోగ విధానం ఉన్న పేజీని మళ్లీ చదవండి, ఈసారి వారి పాత్ర కొలతలు, థర్మోకపుల్ స్థానాలు, ఇన్సులేషన్ మందం, మైనం రకం ఒక కాగితం మీద ఒక వైపు రాసి, మీవి రెండోవైపు రాయండి. ఎక్కడెక్కడ తేడా ఉందో తెలిశాక గాని సంఖ్యల తేడా గురించి మాట్లాడకూడదు.

థర్మోకపుల్ గురించి కూడా కొంత చెప్పాలి, ఎందుకంటే మీరు దానిని మరిగే నీళ్లలో పెట్టి చూడటమే నాకు మీ ఉత్తరంలో అన్నిటికంటే నచ్చిన సంగతి. ఎవరూ చెప్పకుండానే మీరు కాలిబ్రేషన్, అంటే తెలిసిన ఉష్ణోగ్రతతో పరికరాన్ని సరిచూడటం, మొదలుపెట్టారు. దానిని పూర్తిచేయండి. సున్నా డిగ్రీల కోసం గ్లాసులో నాలుగు ఐసు ముక్కలు తేలవేస్తే చాలదు. నీటికి 4 డిగ్రీల దగ్గర సాంద్రత ఎక్కువ గనుక గ్లాసు అడుగున 4 డిగ్రీల నీరు చేరవచ్చు, మీ పరికరం అడుగుకు తగిలి 4 చూపిస్తే తప్పు పరికరానిది కాదు. మంచును మెత్తగా దంచి, అందులో నీళ్లు కొద్దిగా పోసి, థర్మాస్ ఫ్లాస్కులో కలిపి, మధ్యలో పెట్టి చూడండి. ల్యాబుల్లో ఎక్కువగా వాడే కె రకం థర్మోకపుల్ కొత్తదైనా, మామూలు శ్రేణిది అయితే, దాని అనుమతించిన పొరపాటు 2.2 డిగ్రీల వరకు ఉంటుంది. అందువల్ల మైనం పెట్టె మీద 58 అని ఉండి మీకు 56.5 వస్తే అది కొత్త విషయమూ కాదు, తప్పూ కాదు. రంగుల సంగతి కూడా గుర్తుంచుకోండి: అమెరికా పద్ధతి తీగల్లో ఎరుపు రంగు ఋణ ధ్రువానికి వాడతారు. కరెంటు పని అలవాటున్న వారు ఎరుపు అంటే ధన ధ్రువమనుకుని తిప్పి కలుపుతుంటారు. వేడి పెరుగుతుంటే రీడింగు తగ్గుతూ కనిపిస్తే ముందు అక్కడే చూడాలి.

ఇలా ప్రతి పరికరానికి ఎంత అనిశ్చితి ఉందో తెలిశాక, వాటిని కలిపి ఫలితానికి ఎంతో చెప్పే పద్ధతిని క్లైన్, మెక్‌క్లింటాక్ అనే ఇద్దరు 1953లో ఇంజనీర్ల కోసం వివరించారు. ఈ రంగంలో ప్రయోగ పేపర్లలో ఇప్పటికీ ఆ పేర్లు తరచు కనిపిస్తాయి. సారాంశం తేలికే: ఒకదానితో ఒకటి సంబంధంలేని పొరపాట్ల వర్గాలను కూడి, వర్గమూలం తీస్తారు. ఫలితం రెండు కొలతల లబ్ధమైనప్పుడు, హీటరు శక్తిలో 3 శాతం, సమయం నిర్ణయించడంలో 4 శాతం అనిశ్చితి ఉంటే మొత్తం 5 శాతం. అప్పుడు మీకు గుప్తోష్ణం 205 వచ్చిందనుకోండి, దానిని 205, అటూ ఇటూ 10 అని రాయాలి. పేపర్లో 198 ఉంటే మీ ఇద్దరికీ అభిప్రాయభేదమే లేదు. ఆ 10 రాయని విద్యార్థి 7 తేడా చూసి బెంగపడతారు, లేదా సర్దేస్తారు.

సర్దడం గురించి మీ స్నేహితులు ఇచ్చిన సలహాను పాటించవద్దని చెప్పడానికి నాకు సందేహం లేదు. నీతి సంగతి అలా ఉంచి, పని తీరు రీత్యా చూసినా అది తెలివైన సలహా కాదు. 120 నిమిషాలను 97 చేశారనుకోండి. మీరు వెళ్లాక ఆ స్కాలరు మీ సంఖ్య ఆధారంగా పాత్రకు వేడిని మైనంలోకి పంచే లోహపు రెక్కలు అమర్చి, కరిగే సమయం ఎంత తగ్గిందో చూస్తారు. 110 వస్తుంది. రెక్కలు పెడితే సమయం పెరిగిందని ఆయన నెలలు తల పట్టుకుంటారు. మీ 120ని ఉన్నది ఉన్నట్టు రాసి, వోల్టేజీని, మూత లేని సంగతిని పక్కన నమోదుచేస్తే, ఆ 110 పనికివచ్చే ఫలితమవుతుంది. పడేయాల్సిన రీడింగు ఉంటే, ఉదాహరణకు మధ్యలో కరెంటు పోయిన రోజుది, దానిని కూడా పుస్తకంలో ఉంచి, ఎందుకు వదిలేశారో పక్కన ఒక వాక్యం రాయండి. రబ్బరుతో చెరపవద్దు, ఒక గీత కొట్టి వదిలేయండి.

పేపర్లు అర్థం కాకపోవడం గురించి ఎక్కువ చెప్పను. కట్టంతా మొదటినుంచి చివరిదాకా చదవాలన్న పంతం వదలండి. మీ పాత్రకు అన్నిటికంటే దగ్గరగా ఉన్న ప్రయోగం ఒకటి, ఇటీవలి సమీక్షా వ్యాసం ఒకటి, ఈ రెండే చాలు. బొమ్మలు, గ్రాఫులు ముందు చూసి, ప్రతి గ్రాఫు కింద దాని భావాన్ని తెలుగులో ఒక వాక్యంలో రాసుకోండి. రాయలేని గ్రాఫు ఉంటే దాని మీదనే ప్రశ్న అడగాలి.

అడగడం దగ్గరే మీరు ఎక్కువ ఇబ్బంది పడుతున్నారని తెలుస్తోంది. గైడ్ ఊళ్లో లేకపోవడం, స్కాలరు తన థీసిస్ గొడవలో ఉండటం ల్యాబుల్లో సర్వసాధారణం. దానిని మీ మీద చిన్నచూపుగా తీసుకోకండి, అలాగని పిలిచేదాకా ఆగకండి. ప్రతి శుక్రవారం సాయంత్రం గైడ్‌కు ఒక పేజీకి మించని మెయిల్ పంపండి, స్కాలరుకు నకలు పెట్టండి. ఆ వారం ఏం కొలిచారు, ఒక గ్రాఫు, ఎక్కడ ఆగారు, వచ్చే వారం ఏం చేయబోతున్నారు, ఇంతే ఉండాలి. క్షమాపణలు, పొగడ్తలు వద్దు. ప్రశ్న అడిగేటప్పుడు “సార్, మైనం సరిగా కరగడం లేదు” అంటే ఎవరూ ఏమీ చెప్పలేరు. “పై థర్మోకపుల్ 66 చూపిస్తున్నప్పుడు అడుగుది 49 దగ్గర ఉంది. ఇది సంవహనం వల్లనని అనుకుంటున్నాను, లేక అడుగున ఇన్సులేషన్ లేకపోవడం వల్లనా? తేల్చడానికి అడుగున ఇన్సులేషన్ బోర్డు పెట్టి మళ్లీ చేయనా?” అని అడిగితే, ఆయన విమానాశ్రయంలో ఉన్నా ఒక్క వాక్యంలో జవాబిస్తారు. జవాబు రాకపోతే, చేస్తానన్నది చేసేయండి. ఖర్చూ ప్రమాదమూ లేని పనులకు అనుమతి కోసం వారాలు ఆగనవసరం లేదు.

హిందీ విషయంలో నా అభిప్రాయం కాస్త కటువుగా ఉండవచ్చు. భోజనం దగ్గర వారు ఏ భాషలో మాట్లాడుకుంటారన్నది వారి ఇష్టం, దానికి నొచ్చుకోవద్దు. ప్రయోగం గురించిన మాటలు మాత్రం ఇంగ్లీషులో చెప్పమని నిర్మొహమాటంగా అడగండి. విన్నదాన్ని అప్పటికప్పుడు పుస్తకంలో రాసి, “మీరన్నది ఇదేనా?” అని చూపించండి. వచ్చీరాని ఇంగ్లీషుకు ల్యాబ్‌లో ఎవరూ నవ్వరు, ఎందుకంటే ఎక్కువమందిది అదే పరిస్థితి.

భద్రత సంగతి మీరు అడగలేదు, అయినా వదలలేను. మైనం కరిగినప్పుడు దాని ఘనపరిమాణం పది శాతానికి పైగా పెరుగుతుంది. పాత్రను అంచుదాకా నింపి గట్టిగా మూత బిగించకండి, పైన ఖాళీ ఉంచండి. మంట మీద ఎప్పుడూ వేడిచేయవద్దు, హీటరును వేడిగా ఉంచి గది వదిలి వెళ్లవద్దు. రాత్రి ఒంటరిగా ప్రయోగం నడపడం కష్టపడటానికి నిదర్శనమని కొందరు సీనియర్లు చెబుతారు. ఆ మాట వినకండి.

మానేయాలా అన్నదానికి వస్తాను. మీ అన్నయ్య చెప్పినదాంట్లో అన్యాయమేమీ లేదు. నాలుగో సంవత్సరం మొదలవుతూనే కంపెనీలు వస్తాయి, ఇంటి పరిస్థితులు ఆయనకు తెలుసు. కానీ ఆరు వారాల కోర్సు నేర్పే కోడింగును ఆగస్టులో, సెలవుల్లో, సాయంత్రాల్లో కూడా నేర్చుకోవచ్చు. థర్మోకపుళ్లు, వాటి రీడింగులను తానే నమోదుచేసే డేటా లాగరు, అడిగితే జవాబు చెప్పే మనుషులు ఒకేచోట దొరకడం మీ కళాశాలకు తిరిగి వెళ్లాక కష్టం. ఇంటర్వ్యూలో “ప్రాజెక్టు చేశాను” అనే వారు వరుసగా వస్తుంటారు, “104 కిలోజౌళ్లు ఎక్కడికి పోయాయో ఇలా వెతికాను” అని చెప్పగలిగేవారు అరుదు. నేనైతే కొనసాగమనే అంటాను, ఒక షరతుతో. ఈ శుక్రవారం, వచ్చే శుక్రవారం రెండు మెయిళ్లు పంపి, స్కాలరును నేరుగా అడిగి కూడా, పరికరాలు అందక, ఒక్క జవాబూ రాక నాలుగో వారం ముగిస్తే, అప్పుడు మానేయడంలో తప్పులేదు. అలా మానేసేటప్పుడు కారణం మర్యాదగా రాసి, అప్పటివరకు చేసిన కొలతలు అప్పగించి రండి, చెప్పకుండా రైలెక్కవద్దు. మీ కళాశాల నుంచి వచ్చే ఏడాది మరొకరు అక్కడికి దరఖాస్తు చేస్తారు.

పేపర్లో పేరు విషయంలో ఆశ పెట్టుకోకండి. ఎనిమిది వారాల కొలతలతో పేపరు తయారవడం అరుదు, తయారైనా అది మీరు వెళ్లిన చాలా నెలలకు. ఎలాంటి పని చేస్తే రచయితగా పేరు ఉంటుంది, ఎలాంటిదానికి కృతజ్ఞతల్లో ఉంటుంది అని ఆరో వారంలో గైడ్‌ను నేరుగా అడగండి. ఆ ప్రశ్నను ఎవరూ తప్పుపట్టరు. మీ ప్రయోగ పుస్తకం ల్యాబుకు చెందుతుంది, దానిని ఇంటికి తీసుకురాకూడదు. పేజీల ఫొటోలు తీసుకోవడానికి అనుమతి అడిగి, ఇస్తే తీసుకోండి. పుస్తకం మొదటి పేజీలో ఏ థర్మోకపుల్ ఏ ఎత్తున ఉందో కొలతలతో బొమ్మ గీసి, చివరి పేజీలో మీ మెయిల్ చిరునామా రాసి పెట్టండి, తర్వాత ఆ పాత్రను వాడేవారికి సందేహం వస్తే మిమ్మల్ని అడుగుతారు.